పల్లంవారిపాలెం బస్సు

ఆ పట్నం పేరు చెప్పను. చెబితే ఆ ఆఫీసువాళ్లు నామీదకి వస్తారు, చెప్పకపోయినా ఎలాగూ పోల్చుకుంటారు. గోదావరి పాయ పక్కన, ఏటిగట్టు దిగువన, వానాకాలం గోడలు చెమర్చే ఆఫీసది. ఏటిగట్టునీ, దానిలోని ఇరవై రెండు తూములనీ కనిపెట్టుకుని ఉండడం వాళ్ల పని. తూమంటే మరేం లేదు, పొలాల్లో మురుగు గోదాట్లోకి పోవడానికి గట్టు కింద కట్టిన దారి. మామూలు రోజుల్లో దాని ఇనప షట్టరు ఎత్తి ఉంటుంది. వరదొస్తే గట్టు మీది చక్రం తిప్పి దించెయ్యాలి. దించకపోతే మురుగు బయటికి పోవడం మాట అటుంచి, గోదారే ఊళ్లోకి వస్తుంది.

ఆ ఆఫీసులో కిటికీ పక్క కుర్చీ సూర్యకళది. భర్త చంద్రరావు ఇదే శాఖలో పనిచేస్తూ గుండెపోటుతో పోతే, ఏడాది నిండని పిల్లని చంకనేసుకుని వచ్చి ఉద్యోగంలో చేరింది. ఇరవై ఏళ్లయింది. ఆ పిల్ల హారతి ఇప్పుడు రాజమహేంద్రవరంలో ఫార్మసీ చదువుతోంది. సూర్యకళ సీనియర్ అసిస్టెంటయింది. ఒక్క జీతం, ఇద్దరు మనుషులు, అద్దె ఇల్లు. ఆవిడకి ఆ కుర్చీ తప్ప వేరే ఆధారం లేదు.

సూర్యకళ తిరగని తూము లేదు, కాగితం మీద. అదెలాగంటే, ఉద్యోగులు పనిమీద ఊళ్లు తిరిగినందుకు ప్రభుత్వం ఇచ్చే టీఏ డబ్బు ఎప్పుడూ మార్చి రెండో వారానికి గాని దిగదు. నెలాఖరులోపు ఖర్చు చూపించకపోతే వెనక్కి పోతుంది. వెనక్కి పోతే, మీకు అక్కర్లేదు కాబోలని మరుసటి ఏడు కోత పెడతారు. అందుకని ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. అందరూ ఖాళీ టూరు డైరీల మీద సంతకాలు పెట్టి సూర్యకళ బల్ల మీద పడేస్తారు. ఎవరు ఏ రోజు ఏ తూముకి వెళ్లారో, ఏ బస్సెక్కారో, ఎన్ని గంటలకి తిరిగొచ్చారో ఆవిడ కూర్చుని అల్లుతుంది. దీన్ని దొంగతనమని ఆ ఆఫీసులో ఎవరూ అనరు. మార్చి రాత అంటారు. ఆగస్టు వరదల్లో సొంత పెట్రోలు పోసుకుని తిరిగిన డబ్బులు ఎవరిచ్చారు గనక, ఇది దానికి చెల్లు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ కొంత నిజాన్ని పట్టుకునే ఇరవై ఏళ్లూ గడిపేశారు.

ఆవిడ రాతలో వంక పెట్టేవాడు లేడు. ఎనిమిది కిలోమీటర్లు దాటితేనే టీఏ అని రూలుంటే ఆవిడ టూర్లన్నీ తొమ్మిదో కిలోమీటరు నుంచే మొదలవుతాయి. ఆదివారం రాయదు, కలెక్టరు మీటింగున్న రోజు రాయదు. ఆడిట్‌కి వచ్చినవాళ్లు కూడా, రికార్డంటే ఇలా ఉండాలమ్మా అని మెచ్చుకుని కాఫీ తాగి పోయేవారు. మొన్న మార్చిలో ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజినీరు, యుగంధర్ పేరు మీద పదిహేడు తూములు రాసింది. ప్రతి తూముకీ ఒకటే వాక్యం. 'షట్టరు పరిశీలించడమైనది. సులువుగా దిగుచున్నది. గ్రీజు పెట్టించడమైనది.' మిగతా ఐదు తూములూ చూసినట్టు రాయడానికి ఆ ఏడు బడ్జెట్ చాలలేదు.

యుగంధర్ జూన్‌లో బదిలీ అయిపోయాడు. అతని చోట వర్షిణి వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మొదటి ఉద్యోగం. ఆగస్టులో ఒక సోమవారం పొద్దున, ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని కబురొచ్చేసరికి, ఆ పిల్ల మార్చి టూరు డైరీలు పట్టుకుని సూర్యకళ బల్ల ముందు నిలబడి ఉంది.

"ఇరవై రెండు తూములకి ఒక్క జీపండి సూర్యకళగారూ. అన్నీ తిరగలేను. యుగంధర్ సార్ మార్చిలో చూడనివి ఐదున్నాయి. ముందు ఆ ఐదూ చూసొస్తానండి. మిగతా పదిహేడూ బాగున్నాయి గదా, ఊళ్లోవాళ్లకి ఫోన్ చేసి షట్టర్లు దించమంటే సరిపోతుంది."

సూర్యకళకి మాత్రం తెలుసు. ఆ ఐదూ చూడాల్సినవనీ, ఈ పదిహేడూ చూసేసినవనీ తేల్చింది ఏ ఇంజినీరూ కాదు. బడ్జెట్ ఎక్కడ అయిపోతే అక్కడ కలం ఆపిన తను.

"ఎంత బాగా రాశారండి, గ్రీజు పెట్టిన సంగతి కూడా వదలకుండా!" అంది వర్షిణి మెచ్చుకోలుగా. జీపు వెళ్లిపోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు ముసలయ్య. పల్లంవారిపాలెం తూము దగ్గర లస్కరుగా, అంటే కాపలామనిషిగా, ముప్పై ఏళ్లు చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఆ ఖాళీలో ఎవర్నీ వెయ్యలేదు. మొన్న జనవరిలో ఆటోలు మారి మారి వచ్చి ఈ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. తనకి రాయడం రాదని సూర్యకళ చేతే అర్జీ రాయించుకున్నాడు.

"రాడ్డు వంగిందండి అమ్మగారూ. షట్టరు కిందికంటా దిగకుండా అడుగెత్తు మీద ఆగిపోతంది. చక్రం ఇంక తిరగదండి, దాంతో దిగిపోయిందనుకుంటారు. నీళ్లొచ్చేదాకా ఎవరికీ తెలీదండి ఆయ్."

ఈ మాటలన్నీ ఆవిడ తన చేత్తోనే రాసింది. ఏఈకి పై ఆఫీసరు డీఈ మణిశంకర్ దాని మీద 'చూడండి' అని సంతకం పెట్టాడు. అర్జీ ఫైల్లోకి పోయింది. మార్చిలో అదే చేత్తో అదే తూముకి 'సులువుగా దిగుచున్నది' అని రాసినప్పుడు ఆవిడకి ముసలయ్య గుర్తు లేడు. పదిహేడింట్లో అదెన్నోదో కూడా గుర్తు లేదు. ఇప్పుడు ఆ వంగిన రాడ్డు కళ్లముందు కదిలింది.

లేచి మణిశంకర్ గదిలోకి వెళ్లింది. ఆయన ఫోన్లో నీటిమట్టాలు రాసుకుంటున్నాడు. విషయం చెప్పింది. ఆయన కలం పెట్టేసి, తలుపు దగ్గరగా వెయ్యమన్నాడు.

"ఆ అర్జీ ఎక్కడుంది?"

"ఫైల్లో ఉందండి."

"ఉండనివ్వండి. ఇప్పుడా అమ్మాయికి చెప్తే మొదటి ప్రశ్న ఏం వేస్తుంది? మార్చిలో బాగుందన్నది ఇప్పుడెలా పాడయిందంటుంది. తర్వాత ఎవరు చూశారంటుంది. సంతకాలు మావేననుకోండి. రాత ఎవరిదండి? పదిహేడు రోజులూ ఒకే చెయ్యి." గొంతు తగ్గించాడు. "దొంగ టీఏ అంటే సస్పెన్షన్‌తో ఆగదు సూర్యకళగారూ. నాకు ఏడాదే ఉంది, ఎలాగో గట్టెక్కుతాను. మీ అమ్మాయి చదువు చూసుకోండి. నీళ్లు అంతదాకా రావులెండి."

ఆ చివరి మాట చెబుతూ ఆయన టీ కప్పు అందుకున్నాడు. తాగకుండానే కింద పెట్టి, ఇందాక రాసుకున్న నీటిమట్టాలు మళ్లీ చూసుకున్నాడు. ఆయనకీ భయంగానే ఉందని సూర్యకళకి అర్థమైంది. పెద్దవాళ్లు భయపడటం చూస్తే మన భయం రెట్టింపవుతుంది కదా, ఆవిడకీ అలాగే అయింది.

పది గంటలకి వర్షిణికి ఫోన్ చేసింది. "మేడమ్, కుదిరితే పల్లంవారిపాలెం కూడా ఓసారి..."

"ఏంటండి, అక్కడేమైనా ఉందా?"

నాలుక చివరిదాకా వచ్చింది. హారతి ఫీజు గుర్తొచ్చింది, ఇంటి అద్దె గుర్తొచ్చింది, సస్పెన్షన్ అన్న మాట గుర్తొచ్చింది. "లేదు మేడమ్. ఊరికే అన్నాను," అంది.

ఫోన్ పెట్టేశాక తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మళ్లీ చెయ్యలేదు. పదకొండున్నరకి నీటిమట్టం ఇంకో అడుగు పెరిగింది. పల్లంవారిపాలెం నుంచి ఎవరో ఫోన్ చేసి షట్టరు దించేశామన్నారని అటెండరు వచ్చి రాయించాడు. "చక్రం ఇంక తిరగట్లేదంటండి, పూర్తిగా దిగిపోయినట్టే," అన్నాడు సంతోషంగా.

సూర్యకళ కుర్చీలోంచి లేచింది. తలనొప్పిగా ఉందని చెప్పి, గొడుగూ సంచీ తీసుకుని బయటపడింది. ఏం చెయ్యాలో తెలిసి లేచిందని చెప్పను. అక్కడ కూర్చోలేక లేచింది, అంతే.

బస్టాండులో విచారణ కిటికీ దగ్గరికెళ్లి, పల్లంవారిపాలెం బస్సు పన్నెండు పదికి ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందండీ అని అడిగింది. ఆ బస్సు ఆవిడకి బాగా తెలుసు. పొద్దున తొమ్మిది పదికి ఒకటి, మధ్యాహ్నం పన్నెండు పదికి ఒకటి, తిరుగు ప్రయాణం అయిదున్నరకి. ఎన్ని డైరీల్లో ఎక్కించిందో దాన్ని.

కిటికీలో మనిషి ఆవిడని ఎగాదిగా చూశాడు. "పల్లంవారిపాలెం బస్సేంటమ్మా? కరోనా అప్పుడే తీసేశారు గదా."

ఇన్నేళ్లుగా లేని బస్సులో మనుషుల్ని పంపిస్తోంది తను. ఏ ఆడిటరూ ఈ కిటికీ దాకా వచ్చి అడగలేదు. అడిగి ఉంటే ఆవిడ బతుకు ఏనాడో బజారున పడేది. కానీ ఆ క్షణంలో ఆవిణ్ణి వణికించింది అది కాదు. బస్సు కూడా లేని ఊరికి మార్చిలో ఎవరూ వెళ్లలేదు, ఏప్రిల్‌లో వెళ్లలేదు, ఆ షట్టరు మొహం ఎవరూ చూడలేదు.

ఆటో మాట్లాడుకుంది. పంతొమ్మిది కిలోమీటర్లు. చివరి నాలుగూ ఏటిగట్టు మీదే. ఎడమవైపు గోదారి ఎర్రగా, గట్టు అంచుకి బారెడు కిందుగా పోతోంది. చెట్లు కొమ్మలతో సహా తేలిపోతున్నాయి. కుడివైపు ఎంతో దిగువన పచ్చటి చేలు, ఇళ్ల కప్పులు, ఒక స్కూలు. నది మీదుండి ఊరు కిందుండటం ఆవిడ కాగితాల్లో ఎప్పుడూ చదవలేదు. ఆటో అబ్బాయి మాటలు మానేసి రెండు చేతులతో హ్యాండిలు పట్టుకున్నాడు. సూర్యకళ కళ్లు మూసుకుంది.

తూము దగ్గర దిగేసరికి చప్పుడు వినిపించింది. పెద్ద అన్నపు ఎసరు మరిగినట్టు చప్పుడు. చేల వైపు తూము నోట్లోంచి ఎర్ర నీళ్లు ఉబికి వస్తున్నాయి. ఊళ్లోంచి బయటికి పోవాల్సిన మురుగుకాలవ ఊళ్లోకి పారుతోంది. అరడజను మంది ఎరువుల సంచుల్లో మట్టి నింపుతున్నారు. వాళ్ల మధ్య మోకాళ్లలోతు నీళ్లలో ముసలయ్య.

ఆవిణ్ణి చూసి చేతులు జోడించాడు. "వచ్చారా తల్లీ! అర్జీ రాసింది మీరే గదండీ, ఎవర్నో ఒకర్ని పంపుతారనుకున్నాను. మీరే వచ్చారు."

సూర్యకళ అతని మోకాళ్ల చుట్టూ పారుతున్న ఎర్ర నీళ్ల వైపు చూసింది.

"గంట కిందట మీ ఏఈ అమ్మగారికి ఫోన్ చేశానండి. మార్చిలో చూశారు, గ్రీజు పెట్టారు, కంగారు పడకు తాతా అన్నారు. ఎవరొచ్చారంటారండీ? నేను రోజూ ఈ గట్టు మీదే ఉంటాను. నాకెవరూ కనపళ్లేదండి." అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. పాపం, తన చూపే తప్పేమోనని అనుమానపడుతున్నాడు.

ఆవిడ ఫోన్ తీసింది. వర్షిణి నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది.

"అమ్మా," అంది. వర్షిణిని మేడమ్ అనకపోవడం అదే మొదలు. "నేను పల్లంవారిపాలెం తూము మీదున్నాను. షట్టరు అడుగెత్తులోనే ఆగిపోయింది. గోదారి లోపలికొస్తోంది. మార్చిలో ఇక్కడికెవరూ రాలేదమ్మా. నేను రాశాను. కూర్చుని రాశాను."

వర్షిణి గట్టిగా, "ఎంత వస్తోందండి? పొలాల్లోకెక్కిందా? నేను నలభై నిమిషాల్లో ఉంటాను. ఇసుక బస్తాల లారీని అటు మళ్లిస్తాను. స్కూలు పిల్లల్ని బయటికి పంపించెయ్యమనండి," అంది.

నలభై నిమిషాలు ఆగే నీళ్లు కావవి. కాలవగట్టు ఒకచోట కోసుకుపోవడం మొదలైంది. ముసలయ్య తాడు తీసి నడుముకి కట్టుకున్నాడు. పెద్ద టార్పాలిన్ పట్టా ఒకటి, దాని అంచులకి మట్టి మూటలు. గోదారి వైపు దిగి దాన్ని తూము మూతికి అడ్డంగా వదిలితే నీటి ఒత్తిడికి అదే అతుక్కుంటుందన్నాడు. మనిషిని కూడా ఆ నీళ్లు అలాగే లాగేస్తాయని ఎవరూ పైకి అనలేదు.

"వద్దు ముసలయ్యా," అంది సూర్యకళ.

"తూము మూతి ఎక్కడుందో నాకొక్కడికే తెలుసండి," అన్నాడు.

తాడు నలుగురు పట్టుకున్నారు. అయిదో మనిషి సూర్యకళ. ముసలయ్య మెట్లు పట్టుకుని దిగాడు. ఛాతీ దాకా, గొంతు దాకా, ఆ తర్వాత తెల్లజుట్టు కూడా కనపడలేదు. ఉన్నట్టుండి తాడు బిగుసుకుంది. అరచేతుల్లోంచి జారి చర్మం లేచిపోయింది. ఆవిడ లెక్కపెట్టసాగింది. పది, పదిహేను, ఇరవై. ఇరవై ఏళ్లు రాసిన వాక్యాలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. షట్టరు సులువుగా దిగుచున్నది. ఈ ముసలాడు గనక పోతే ఆ వాక్యమే చంపినట్టు. ముప్పై. ముప్పై అయిదు.

"లాగండి!" అని అరిచింది ఎవరో కాదు, తనే.

లాగారు. ముసలయ్య తల బయటపడింది. నోట్లోంచి ముక్కులోంచి నీళ్లు కక్కుతూ మెట్టు మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. అవతల చేల వైపు ఉడుకు చప్పుడు సగానికి సగం తగ్గింది.

వర్షిణి వచ్చింది. బస్తాల లారీ వచ్చింది. తూము నోటి చుట్టూ బస్తాలతో అరచందమామలా గట్టు కట్టేసరికి సాయంత్రం అయిదయింది. ముప్పై ఎకరాల నాట్లు మునిగాయి, పల్లపు వీధిలో పది ఇళ్లలోకి చీలమండల లోతు నీళ్లొచ్చాయి. మనిషి ఎవరికీ ఏమీ కాలేదు.

వర్షిణి మోకాళ్ల దాకా బురదతో గట్టు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతోంది. సూర్యకళ ఫోన్ మోగింది. మణిశంకర్ మెసేజీ. 'జరిగింది విన్నాను. ఇదొక్కటీ పొరపాటున రాశానని చెప్పండి. క్లరికల్ మిస్టేక్. చిన్న వార్నింగుతో పోతుంది. మిగతావి కదపకండి. నేను చూసుకుంటాను.'

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. అవును, ఇదొక్కటే అయితే పోతుంది. ఉద్యోగం ఉంటుంది. హారతి చదువు పూర్తవుతుంది. మిగతావి కదపకపోతే చాలు.

"రేపు మధ్యాహ్నానికి మూడో హెచ్చరిక ఇస్తారటండి," అంది వర్షిణి. తర్వాత సీసా పక్కన పెట్టి ఆవిడ మొహంలోకి చూసింది. "సూర్యకళగారూ. రాసింది ఇదొక్కటేనా?"

సూర్యకళ ఫోన్ సంచీలో పడేసింది. ముసలయ్య మెట్టు మీద కూర్చుని మోచేతికి గుడ్డ కట్టుకుంటున్నాడు. అతని వెనక గోదారి పొద్దుటికన్నా ఇంకా పైకుంది. మిగతా పదహారు తూముల దగ్గరా ముసలయ్యలు ఉన్నారో లేరో ఆవిడకి తెలియదు. ఆ ఊళ్లు ఎలా ఉంటాయో కూడా తెలియదు.

"కాదమ్మా," అంది. "పదిహేడూ నేనే రాశాను. పద, ఇంకా వెలుగుంది."

పొద్దువాలేలోపు రెండు చూశారు, మర్నాడు తెల్లారుతూనే జీపులో ఒకరు, ఆటోలో ఒకరు తిరిగి మిగతావి. మొత్తం మీద ఇంకో మూడు షట్టర్లు పూర్తిగా దిగలేదు. మూడో హెచ్చరిక వచ్చేసరికి ఆ మూడింటికీ బస్తాలు పడ్డాయి.

సెప్టెంబరులో సూర్యకళకి సస్పెన్షన్ ఆర్డరూ, దాంతోపాటు మెమో వచ్చాయి. మొదటి అభియోగం, తప్పుడు టూరు డైరీలు రాసి ప్రజాధనం దుర్వినియోగం చేయడం. దానికి ఆవిడ ఒప్పుకుంటూ జవాబు రాసింది. అందులో మణిశంకర్ పేరూ, యుగంధర్ పేరూ, ఫైల్లోని అర్జీ సంగతీ దాచలేదు. రెండో అభియోగం దగ్గర కలం ఆపింది. వరద విధుల సమయంలో అనుమతి లేకుండా హెడ్‌క్వార్టరు విడిచి వెళ్లడం.

విచారణాధికారి పెద్దమనిషే. చెడ్డవాడు కాదు. కళ్లజోడు సర్దుకుని, పదిహేడు డైరీలూ వరసగా బల్ల మీద పేర్చుకుని అడిగాడు.

"ఇవన్నీ చూడండమ్మా, బస్సు టైములూ, కిలోమీటర్లూ అన్నీ పక్కాగా ఉన్నాయి. మీరు నిజంగా పల్లంవారిపాలెం వెళ్లానంటున్న ఆ సోమవారానికి మాత్రం ఒక్క కాగితం లేదు. ఏఈగారూ, ముసలయ్యా చెప్పింది నోటిమాటే గదా, మీరు ఆఫీసు వదిలి అక్కడికే వెళ్లినట్టు రుజువేంటి?"

సూర్యకళ తన అరచేతులకేసి చూసుకుంది. తాడు కోసిన గాయాలు మానిపోయి, తెల్లటి గీతలు మిగిలాయి. చేతులు రెండూ మెల్లగా బల్ల మీద పెట్టి, ఆయన వైపుకి తిప్పింది.